రెండు మూడు గేదెల పాడికి పరిచయాలతో పనేంటి?

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల రెండు మూడు గేదెలతో పాడి చేసేవాళ్ళకు ఊళ్ళో పరిచయాలు నిజంగా కలిసొస్తాయా అని అడిగారు. గేదెను కొనేటప్పుడే తెలిసిపోతుంది. కొందరు ఒక పూట పాలు పిండకుండా వదిలేసి, నిండు పొదుగు చూపించి బేరం పెడతారు. ఆ ఊళ్ళో మనవాడొకడుంటే పూటకు ఎన్ని లీటర్లిస్తుందో, తన్నే గుణముందో ముందే చెప్పేస్తాడు. లేదంటే వరుసగా మూడు పూటలు దగ్గరుండి పిండించి చూడాల్సిందే.

తవుడు, నూనెగింజల చెక్క అమ్మే కొట్టువాడు పాలబిల్లు వచ్చేదాకా ఖాతా రాసుకునేదీ మొహం చూసే. పొదుపు సంఘంలో ఒకరి బాకీకి మిగతావాళ్ళూ పూచీ పడతారు కాబట్టి, సంఘానికి 20 లక్షల రూపాయల దాకా తనఖా లేకుండానే బ్యాంకు అప్పు పుడుతుంది.

పాలకేంద్రంలో మాత్రం మొహమాటం వద్దు. రేటు కట్టేది వెన్న శాతాన్ని బట్టే కాబట్టి, దాన్ని కళ్ళెదుటే చూపించమనండి. మీకు అడ్వాన్సిచ్చిన పాలవ్యాపారి దగ్గరైతే మరీ జాగ్రత్త. బాకీ తీరేదాకా అతను చెప్పిందే రేటు.