కొత్త కాలనీలో అత్తగారికి ఊపిరాడటం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మొన్నటిదాకా బడాబజార్ దగ్గర ఓ పాత వీధిలో ఇరుకైన అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. బాబు కోసం నేనే పట్టుబట్టి అంబపువా వైపు గేటున్న కాలనీలో లోన్ మీద ఇల్లు కొనిపించాను. పార్కు ఉంది, కెమెరాలున్నాయి, అన్నీ కుటుంబాలే. కానీ చుట్టూ ఒడియావాళ్లే, మాతో కలవరు. అత్తగారు రోజూ ఆటో ఎక్కి పాత వీధిలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. మొన్న గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ‘ఏ ఇంటికి?’ అని ఆపి రిజిస్టర్లో పేరు రాయించుకున్నాడట. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. మా ఏడేళ్ల బాబేమో పార్కులో నాయనమ్మ తెలుగులో పిలిస్తే విననట్టు వెళ్లిపోతున్నాడు. ‘నీ మాట విని వచ్చాం’ అని మావారి దెప్పిపొడుపు. ఇల్లు అమ్మేసి వెనక్కి వెళ్లిపోవడమే మంచిదా?

జవాబు: అమ్మా, ఇల్లు అమ్మకండి. బాబు ఈ తరగతి పూర్తయ్యేదాకా ఇంట్లో ఆ ఊసే ఎత్తకండి. పిల్లాడు గుమ్మం దాటితే బండి కింద పడతాడేమోనన్న భయం లేని చోటు కావాలనుకోవడం తప్పేమీ కాదు. ఆ కాలనీ మీ బాబుకి బాగానే ఉంది. మీ అత్తగారికి మాత్రం ఇంకా సొంతం కాలేదు. ముందు చూడాల్సింది అదే.

పాత వీధిలో ఆవిడ పెద్ద దిక్కు. ఎవరింట్లో పురుడొచ్చినా, పేరంటం పెట్టుకున్నా, పసిపిల్లకి కడుపునొప్పి వచ్చినా ఆవిడనే అడిగేవారు. అలాంటి మనిషి కన్నకొడుకు ఇంటికి వస్తూ రిజిస్టర్లో పేరు రాయించుకోవలసి వచ్చింది. అన్నం ఎలా సహిస్తుంది చెప్పండి? రేపు సాయంత్రం మీవారు ఆవిడని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, ‘ఈవిడ మా అమ్మ, ఇంకెప్పుడూ అడగొద్దు’ అని వాచ్‌మన్‌కి చెప్పాలి. ఫోన్లో చెప్తే సరిపోదు. ఆవిడ ఎదుటే చెప్పాలి.

ఆటో ప్రయాణం ఆపించే ప్రయత్నం చేయకండి. జనం ఏమనుకుంటారోనన్న బెంగ కూడా వదిలేయండి. ఆవిడ వెళ్తున్నది కూతురింటికి, తనను పేరు పెట్టి పిలిచే మనుషుల దగ్గరికి. ఆటో డబ్బులు నెల మొదట్లోనే ఆవిడ చేతిలో పెట్టండి. ప్రతిసారీ కొడుకు ముందు చెయ్యి చాచాల్సిన పని ఉండకూడదు. ఎండాకాలంలో మధ్యాహ్నం అక్కడే నడుం వాల్చి, చల్లబడ్డాక బయల్దేరమనండి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర వస్తుంది కదా, దేశీబెహెరా వీధిలో అమ్మవారికి తాత్కాలిక గుడి కట్టిన రోజు నుంచి ఆవిడ మనసు అక్కడే ఉంటుంది. ఆ వారాలన్నీ ఆడపడుచు ఇంట్లోనే ఉండనివ్వండి. ఆవిడ అడగకముందే మీరే పెట్టె సర్దిపెట్టండి.

ఇక ఇరుగుపొరుగు. భాష అడ్డం వస్తోందని మీరు అనుకుంటున్నారేమో గానీ నాకు అలా అనిపించడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం అందులో కలిసింది. అంతకుముందూ, ఆ తర్వాతా ఆ ఊరి వీధుల్లో రెండు భాషలూ కలిసే బతికాయి. మీ అత్తగారు జీవితమంతా కూరగాయలవాళ్లతో ఒడియాలోనే బేరం ఆడి ఉంటారు, బహుశా మీకంటే బాగా. మీ కాలనీలో ఉన్నవాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లే కదా. ఎవరు ముందు పలకరిస్తారా అని వాళ్లూ తలుపు వెనక నుంచి చూస్తూ ఉండొచ్చు. పాత వీధిలో పక్కింటికి వెళ్లడానికి కారణం అక్కర్లేదు. ఇక్కడ కారణం మనమే కల్పించుకోవాలి.

సంక్రాంతికి అరిసెలు వండి నాలుగిళ్లకు పంచండి. డబ్బా మీరు పట్టుకోండి, ఇవ్వడం మాత్రం అత్తగారి చేతుల మీదుగానే జరగాలి. వాళ్లూ ఆరిసా పిఠా చేసుకునేవాళ్లే, పాకం గురించి ఎవరో ఒకరు ఆవిడను అడక్కుండా ఉండరు. జూన్‌లో రజ పండగకు ఊయలలు కడతారు, పొడ పిఠా చేస్తారు. వాళ్లు పిలిస్తే పని ఉందని తప్పించుకోకండి. ఇంకో మాట. మీది తుఫాన్ల ప్రాంతం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పడిన కష్టం మీ ఊళ్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. కరెంటు పోతే ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారు, ఎవరికి ఇన్వర్టర్ ఉంది, రాత్రివేళ ఎవరి కారు దొరుకుతుంది అని ఒక కాగితం తయారుచేద్దామని మీవారిని అసోసియేషన్ మీటింగులో అడగమనండి. ఆ వంకతో ప్రతి ఇంటి తలుపూ తట్టవచ్చు.

బాబు సంగతి వింటే మీ అత్తగారి మీద జాలేసింది, వాడి మీద మాత్రం కోపం రాలేదు. ఏడేళ్లవాడికి తోటిపిల్లల్లో వేరుగా కనబడటం అంటే భయం. ‘సిగ్గులేదా, మన భాష’ అని తిడితే ఆ భయం ఇంకా గట్టిపడుతుంది. పార్కులో పిలిచే పని కొన్నాళ్లు మీరు చేయండి. ఆదివారం వాడి స్నేహితులను ఇంటికి పిలిచి జంతికలు పెట్టించండి, నాయనమ్మ వాళ్లతో ఒడియాలో మాట్లాడుతుంది. ఆ పిల్లలు ‘ఆయీ’ అంటూ ఆవిడ చుట్టూ చేరితే మీవాడికి బెరుకు తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు కథ మాత్రం తెలుగులోనే చెప్పమనండి. రెండు భాషలు కలిపి మాట్లాడితే కంగారుపడకండి, పిల్లలు రెండూ నేర్చుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. అత్తగారికి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, పాత వీధికి వెళ్లాలన్న ఆసక్తి కూడా పోయినా డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడొచ్చు.

మీవారి దెప్పిపొడుపు వెనుక ఈఎంఐ టెన్షన్ ఉండొచ్చు, తల్లి మొహం చూడలేని బాధా ఉండొచ్చు. అయినా తప్పంతా మీ ఒక్కరి నెత్తిన వేయడం న్యాయం కాదు. సంతకం ఇద్దరూ పెట్టారు. బాబు పడుకున్నాక, అత్తగారు వినని చోట అడగండి: ‘ఇల్లు నేను కోరుకున్నాను, నిజమే. అమ్మగారిని ఇక్కడ కుదురుకునేలా చేయడం నా ఒక్కదాని వల్ల కాదు. వారంలో రెండు రోజులు మీరు దింపి, మీరే తీసుకొస్తారా?’ ఏ రెండు రోజులో అప్పుడే తేల్చుకోండి.