మే నెల జాబితా రాకముందే

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. అబ్బాయికి ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు ఒక సంవత్సరం ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇస్తామన్నారనీ, విశ్వవిద్యాలయం నుంచి కూడా ఆఫర్ వచ్చి ఉందనీ, అల్లుడు చదువు వైపూ వాడు ఆట వైపూ పట్టుదలగా ఉంటే మధ్యలో నీకు నిద్ర పట్టడం లేదనీ రాశావు. సంతకానికి సోమవారం వరకే గడువన్నావు కనుక, ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరుకోకుండా, నువ్వు వాడిని కూర్చోబెట్టి చదివి వినిపించడానికి వీలుగా వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో లాంకషైర్ చుట్టుపక్కల కింది డివిజన్ల క్లబ్బుల్లో ఇరవై రెండేళ్ళు ఫిజియోగా, అంటే ఆటగాళ్ళ గాయాలకు చికిత్స చేసేవాడిగా, పనిచేసినవాడిని. ఆ చికిత్స బల్ల మీద పడుకున్న కుర్రాళ్ళు తల్లికి కూడా చెప్పని సంగతులు నాకు చెప్పేవారు. నేను రాసేదంతా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వాడిని సంతకం చేయనివ్వండి. అయితే సంతకం చేసిన రోజునుంచే వచ్చే ఏడాది మే నెలకు సిద్ధం కావాలి. విశ్వవిద్యాలయానికి రాసి, ప్రవేశాన్ని ఒక ఏడాది వాయిదా వేయమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మే నెల అని ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో 24 చొప్పున 72 క్లబ్బులు, మొత్తం 92 ఉన్నాయి. వీడు చేరబోయేది ఆ నిచ్చెనకు అడుగు మెట్టయిన లీగ్ టూలో. అక్కడ ఆటగాళ్ళలో చాలామందికి కాంట్రాక్టు ఏడాదికో రెండేళ్ళకో మించి ఉండదు. జూన్ 30తో గడువు తీరుతుంది. సీజన్ ముగియగానే, మే నెలలో, ఎవరిని ఉంచుకుంటున్నారో ఎవరిని వదిలేస్తున్నారో క్లబ్బు జాబితా ప్రకటిస్తుంది. ఇది తప్పు చేసినవాళ్ళకు పడే శిక్ష కాదు, ఈ వృత్తిలో ఏటేటా వచ్చే రుతువు. దానికి సిద్ధపడని ఇంట్లో మాత్రం అది పిడుగులా పడుతుంది.

నేను పనిచేసిన ఒక క్లబ్బులో చికిత్స గది తలుపు తీస్తే ఎదురుగా బూట్లు పెట్టుకునే గది కనిపించేది. మే మొదటి వారంలో ఒక ఉదయం ఆ గదిలో బల్ల మీద తొమ్మిది మంది కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మేనేజరు ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు. ఒక్కొక్కరికి పట్టింది మూడు నాలుగు నిమిషాలే. పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు బయటికి వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా తన బూట్లు తీసుకుని, అడుగున ఉండే స్టడ్స్ మధ్య ఇరుక్కున్న ఎండు మట్టిని ఒక పుల్లతో గీకి తీయడం మొదలుపెట్టాడు. సీజన్ అయిపోయింది, ఆ బూట్లతో ఆడవలసిన ఆట ఏదీ లేదు. అయినా ఒక బూటు పూర్తి చేసి పక్కన పెట్టి రెండోది తీసుకున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి అని అడిగాడు. ఆటలో వాడికి వంక పెట్టడానికి ఏమీ లేదు. పెద్ద క్లబ్బు నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకు అరువుగా, రాబోయే ఒక ఆటగాడికి చోటు కావలసి వచ్చింది, అంతే. ఆ ప్రశ్నకు జవాబును మీరు మీ ఇంట్లో ఇప్పుడే, వాడు సంతోషంగా ఉన్న ఈ రోజుల్లోనే, కలిసి మాట్లాడుకుని సిద్ధం చేసుకోవాలన్నదే నా కోరిక. వదిలేసినా వాడి గది వాడిదేననీ, అన్నం తినే చోట ఎవరూ ఆ మాట ఎత్తి పొడవరనీ వాడికి ముందే తెలియాలి.

ఇక కాంట్రాక్టు కాగితం గురించి. వారానికి ఎంత అన్న అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ అంకె కన్నా కింద ఉండే షరతులే ముఖ్యం. రెండో ఏడాదికి "ఆప్షన్" అని రాసి ఉంటే, అది ఎవరి చేతిలో ఉందో చూడండి. సాధారణంగా క్లబ్బు చేతిలో మాత్రమే ఉంటుంది, అంటే కావాలంటే వాళ్ళు పొడిగించవచ్చు గాని వాడు అడగలేడు. ఇన్ని ఆటలు మొదటి పదకొండు మందిలో ఆడితే కాంట్రాక్టు దానంతటదే పొడిగింపవుతుంది అనే షరతు ఉంటే, ఆ సంఖ్యకు చేరువైన ఆటగాడిని ఉన్నట్టుండి బెంచీ మీద కూర్చోబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఒక క్లబ్బులో 25 ఆటల షరతు ఉన్న కుర్రాడు 24 దగ్గర ఆగిపోయాడు. గాయపడితే మూల వేతనం ఎన్నాళ్ళు ఇస్తారు, జట్టు కింది డివిజన్‌కు దిగిపోతే వేతనం తగ్గిస్తారా, అద్దె ఎవరు కడతారు అన్నవి కూడా అడగాలి. అడిగితే మర్యాద తప్పినట్టు అనుకోవద్దు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు డబ్బు మాట ఎత్తకూడదని పిల్లలకు నేర్పుతాం. ఆ గదిలో ఆ నేర్పు పనికిరాదు.

ఆటగాళ్ళ యూనియన్‌లో వాడు తప్పకుండా సభ్యుడు కావాలి. 1907లో మాంచెస్టర్‌లో పుట్టిన యూనియన్ అది. వారానికి 20 పౌండ్లకు మించి ఎవరికీ ఇవ్వకూడదన్న గరిష్ఠ వేతన నిబంధనను జిమ్మీ హిల్ నాయకత్వంలో పోరాడి 1961లో తీసివేయించింది వాళ్ళే. ప్రతి క్లబ్బులోనూ వాళ్ళ ప్రతినిధిగా ఒక ఆటగాడు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉంటాడు. కాంట్రాక్టు చూసిపెట్టమంటే చూస్తారు, చదువుకుంటానంటే సహాయం చేస్తారు. ఏజెంటు అవసరమైతే లైసెన్సు ఉన్నవాడినే చూసుకోండి, గుడిలో పరిచయమైన పెద్దమనిషి తమ్ముడిని కాదు.

సంతకం అయ్యాక వాడి దృష్టంతా ఒక్కదాని మీద ఉండాలి: పెద్దవాళ్ళ ఆటలో ఆడటం. శిక్షణలో బాగా ఆడి శనివారం బెంచీ మీద కూర్చునేవాడిని మే నెలలో ఎవరూ గుర్తు పెట్టుకోరు. అక్టోబరు నాటికి జట్టులో చోటు దొరక్కపోతే, వాడే మేనేజరు దగ్గరికి వెళ్ళి తనను లోన్ మీద కింది క్లబ్బుకు పంపమని మర్యాదగా అడగాలి. దాన్ని అవమానంగా తీసుకునే తల్లిదండ్రులను చూశాను. అది పెద్ద పొరపాటు. స్ట్రైకర్ ఐవన్ టోనీ నార్తాంప్టన్ క్లబ్బు నుంచి న్యూకాజిల్ క్లబ్బుకు వెళ్ళాక బార్న్‌స్లీ, ష్రూస్‌బరీ, స్కన్‌థార్ప్, విగన్ క్లబ్బులకు లోన్ మీద తిరిగి, పీటర్‌బరోలో గోల్స్ వేసి, ఆ తర్వాతే బ్రెంట్‌ఫర్డ్ ద్వారా ప్రీమియర్ లీగ్‌కూ ఇంగ్లండ్ జట్టుకూ చేరాడు. లీగ్ టూకు కింద ఉండే నేషనల్ లీగ్‌లో మంగళవారం రాత్రి వానలో ముప్పై ఏళ్ళ డిఫెండర్ మోచేతి దెబ్బ తిని లేచి ఆడిన ఇరవై ఆటలు, క్లబ్బు కుర్రాళ్ళ అకాడమీలో ఆడిన రెండు వందల ఆటలకన్నా వాడికి ఎక్కువ నేర్పుతాయి.

లీగ్ టూలో ఆగస్టు నుంచి మే మొదటి వారం దాకా 46 లీగ్ ఆటలు, వాటికి తోడు కప్పు ఆటలు ఉంటాయి. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు బస్సులో వందల మైళ్ళు వెళ్ళి, రాత్రి ఆడి, తెల్లవారుజామున ఇల్లు చేరి, ఎల్లుండి మళ్ళీ పరుగెత్తవలసిన జీవితం అది. అందుకే నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచింది ఒంటి గురించి. నొప్పిని దాచవద్దని వాడికి చెప్పు. కాంట్రాక్టు చివరి ఏడాదిలో ఉన్న ఒక వింగర్, తొడ వెనక కండరం పట్టేస్తోందని నాకు చెబితే శనివారం ఆడనివ్వనని భయపడి, మూడు వారాలు నొప్పి మాత్రలు మింగుతూ ఆడాడు. నేను అడిగిన ప్రతిసారీ నవ్వి ఏమీ లేదన్నాడు. నాలుగో వారం అరవయ్యో నిమిషంలో పరుగు అందుకుంటూనే తొడ పట్టుకుని కూలిపోయాడు. రెండు వారాల విశ్రాంతితో పోయేదానికి నాలుగు నెలలు పట్టింది, ఈలోగా మే వచ్చింది. తప్పు వాడొక్కడిదే అనను. వాడు వచ్చి చెప్పుకునేంత నమ్మకం నేను కలిగించలేకపోయాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. శరీరాన్ని కాచుకున్నవాడు ఎంత దూరం వెళ్ళగలడో చూడాలంటే టోనీ ఫోర్డ్ ఉన్నాడు. 1975లో గ్రిమ్స్‌బీలో పదహారేళ్ళకు మొదలుపెట్టి, 2001లో రాచ్‌డేల్‌లో ముగించేనాటికి 931 లీగ్ ఆటలు ఆడాడు. గోల్‌కీపర్లను మినహాయిస్తే ఆ దేశపు లీగ్‌లో అన్ని ఆటలు ఆడినవాడు లేడు. ఆ ఆటల్లో చాలా భాగం కింది డివిజన్లలోనివే. వాడికి గొప్పవాళ్ళ పేర్లు చెప్పాలనుకుంటే నేను ముందు ఆ పేరు చెబుతాను.

శిక్షణ సాధారణంగా మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ తర్వాతి గంటలే కుర్రాళ్ళను నిలబెట్టేవీ పాడుచేసేవీ. చేతిలో ఫోన్, జేబులో కొత్తగా వచ్చిన డబ్బు, చేయడానికి పనిలేని సాయంత్రం ఉంటే పందాల జోలికి పోవడం తేలిక. 2014 ఆగస్టు నుంచి ఆ స్థాయి ఆటగాళ్ళెవరూ ప్రపంచంలో ఎక్కడి ఫుట్‌బాల్ మీదా పందెం కాయకూడదు. ఇందాక చెప్పిన ఐవన్ టోనీకే ఈ విషయంలో 2023లో ఎనిమిది నెలల నిషేధం పడింది. ఆ గంటల్లో ఇంటి నుంచే చదువుకునే ఓపెన్ యూనివర్సిటీలో ఒక కోర్సు చదవమను, కనీసం ఒక సబ్జెక్టు. అల్లుడి కోరిక అలా నెరవేరుతుంది. చదువును ఆటకు శత్రువుగా నిలబెట్టనక్కరలేదు.

జీతంలో కొంత ప్రతి నెలా నీ చేతికి ఇవ్వమను. క్లబ్బులు నిలకడైన సంస్థలని అనుకోవద్దు. 1885లో పుట్టిన బరీ క్లబ్బును అప్పుల చిక్కుల వల్ల 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కరించారు. మరుసటి ఏడాది మాకిల్స్‌ఫీల్డ్ టౌన్‌ను కోర్టు మూసివేయించింది. జీతాలు ఆలస్యమైన నెలల్లో ఆటగాళ్ళు ఇంటి ఖర్చులకు ఇబ్బంది పడ్డారు.

మనవాళ్ళు ఈ ఆటలో ఉన్నారా అని నువ్వు అడిగావు. తెలుగు ఇంటి నుంచి వచ్చినవాడు ఎవరూ నాకు తారసపడలేదు గాని, భారతీయ మూలాలున్నవాళ్ళు ఉన్నారు. పంజాబీ కుటుంబం నుంచి వచ్చిన మాల్ బెన్నింగ్ వాల్‌సాల్, మాన్స్‌ఫీల్డ్, పోర్ట్ వేల్ క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి ఆడాడు; 2022 మేలో వెంబ్లీ స్టేడియంలో పై డివిజన్‌కు చేరడం కోసం జరిగిన లీగ్ టూ ప్లేఆఫ్ ఫైనల్‌లో పోర్ట్ వేల్ తరఫున తన పాత జట్టు మాన్స్‌ఫీల్డ్ మీదే గోల్ వేశాడు. అబ్బాయిని ఆ ఆట వీడియో చూడమను. డ్రెస్సింగ్ రూమ్‌లో రంగు గురించో తిండి గురించో మాట పడితే నవ్వేసి మింగవలసిన పని లేదు. ఆ రోజే యూనియన్ ప్రతినిధికి చెప్పాలి, నీకూ చెప్పాలి.

ఒకవేళ వదిలేస్తే? పదహారేళ్ళకే షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వదిలేసిన, తర్వాత ఇంగ్లండ్ జట్టుకు ఆడిన జేమీ వార్డీ, వారానికి 30 పౌండ్లకు స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్బులో ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేశాడు. బ్లాక్‌పూల్ క్లబ్బు వదిలేసిన రికీ లాంబర్ట్ బీట్‌రూట్ సీసాలకు మూతలు బిగించాడు. ముప్పై ఒకటో ఏట వెంబ్లీలో స్కాట్లాండ్ మీద ఇంగ్లండ్ తరఫున తొలిసారి దిగి, తొలి తాకులోనే గోల్ వేశాడు. అయితే వీళ్ళు అరుదైనవాళ్ళు, వాడికి ఈ కథలను వాగ్దానాల్లా చెప్పవద్దు. నేను ఎక్కువగా చూసింది ఇంకోరకం వాళ్ళను: మంగళ, గురువారాల సాయంత్రం శిక్షణ, శనివారం ఆట, మిగతా రోజుల్లో టీచరుగానో ఎలక్ట్రీషియనుగానో ఉద్యోగం. రెండు ఆదాయాలూ కలిపితే వాళ్ళలో కొందరు లీగ్ టూలో సంపాదించినదానికన్నా మెరుగ్గా ఉన్నారు, ముప్పై అయిదేళ్ళకు కూడా ఇష్టంగా ఆడుతున్నారు.

ఆదివారంలోగా కాంట్రాక్టు ప్రతి నాకు పంపు. షరతులన్నీ చదివి, అడగవలసినవి గుర్తు పెట్టి ఆ రాత్రే పంపిస్తాను. పోయిన ఏడాది వాడి ఎడమ చీలమండ బెణికిందని చెప్పావు. ప్రీ సీజన్, అంటే సీజన్‌కు ముందు జరిగే శిక్షణ, మొదలయ్యేదాకా రోజూ ఉదయం పళ్ళు తోముకున్నంత సేపూ ఆ ఒక్క కాలి మీదే నిలబడమను, రెండో వారం నుంచి కళ్ళు మూసుకుని. పక్కన గోడ ఉండేలా చూసుకోమను.

మీ మావయ్య