అర్బన్ అండ్ పబ్లిక్ అఫైర్స్ డిగ్రీకి ఏం కావాలి? జడ్చర్ల నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, సీఈసీ. ఈమధ్య ఫోన్లో ఏదో చూసి 'అర్బన్ అండ్ పబ్లిక్ అఫైర్స్' అనే డిగ్రీ చేస్తానని పట్టుబట్టింది. అసలు అదేం చదువు, చేరాలంటే ఏం కావాలె, మన దగ్గర ఉందా, అయినంక ఏం నౌకరి వస్తది? మాది జడ్చర్లలో చిన్న కిరాణా షాపు. చుట్టాలందరూ బీకాం కంప్యూటర్స్ వేయించు అంటున్నరు. అమెరికా పంపే తాహతు ఇప్పుడైతే లేదు."

జవాబు: అన్నా, మీ అమ్మాయి గాలి కోర్సేం అడగట్లేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. నల్లా నీళ్లు ఎవరివ్వాలి, ఇంటి పన్ను వసూలై ఎటు పోతుంది, లేఅవుట్‌కు పర్మిషన్ ఎవరిస్తారు, రోడ్డు వెడల్పు చేస్తే షాపు పోయినవాళ్లకు ఏం దక్కాలి, ఇవన్నీ కలిపి చదివే చదువది. ఒక పక్క హైవే, ఇంకో పక్క పోలేపల్లి సెజ్, చుట్టూ పొలాల్లో ప్లాట్ల రాళ్లు చూస్తూ పెరిగిన పిల్లకు ఈ ఆసక్తి రావడంలో వింతేముంది.

అయితే ఆ పేరు అమెరికా పేరు. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో అర్బన్ అండ్ పబ్లిక్ అఫైర్స్ పేరుతో ఒక కాలేజీయే ఉంది. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ అంటే నాలుగేళ్లు. సెమిస్టర్ పద్ధతి ఉన్న యూనివర్సిటీల్లో మామూలుగా 120 క్రెడిట్లు, క్వార్టర్ పద్ధతి ఉన్నచోట 180 క్రెడిట్లు పూర్తి చేయాలి. అన్నీ ఈ సబ్జెక్టులోనే ఉండవు. కొంత మేజర్, మిగతావి ఇంగ్లిష్ రాయడం, సైన్స్, చరిత్ర లాంటి అందరికీ ఉండే పేపర్లు, ఇష్టమైనవి తీసుకునే ఎలెక్టివ్‌లు. మేజర్‌లో దాదాపు ప్రతిచోటా కనిపించేవి ప్రభుత్వ వ్యవస్థ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, నగరాల చరిత్ర, ప్లానింగ్, చివర్లో ఫీల్డ్ వర్కో ఇంటర్న్‌షిప్పో. చేరడానికి ఇంటర్ మార్కుల మెమో, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు కావాలి, ఎస్ఏటీ చాలా యూనివర్సిటీలు తప్పనిసరి అనడం లేదు. అసలు తిప్పలు డబ్బు దగ్గర. వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం యూనివర్సిటీ నుంచి రావాలంటేనే కనీసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము చూపించాలి. మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకిచ్చే జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి రూ.20 లక్షల వరకు సాయం చేస్తాయి కానీ, అవి పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే, డిగ్రీకి రావు. ఈ ఒక్క సంగతి చాలు మీ ఇంటి లెక్క తేలడానికి: డిగ్రీ ఇక్కడ, అమెరికా మోజు అప్పటికీ ఉంటే పీజీకి అక్కడ. షాపు తాకట్టు పెట్టి పద్దెనిమిదేళ్ల పిల్లను డిగ్రీకే పంపమని ఏ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినా మీరు వినొద్దు.

ఇక మన దగ్గర. ఆ పేరుతో దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ వెబ్‌సైట్) వెతికితే మీకు దొరకదు, దొరకలేదని వెనక్కి తగ్గొద్దు. పైన చెప్పిన సబ్జెక్టుల్లో సగానికి పైగా మామూలు బీఏలోనే ఉన్నాయి, ఏ కాంబినేషన్ పెట్టుకుంటామన్నదే ముఖ్యం. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కలిసిన ఈపీపీ దీనికి బాగా దగ్గర. ఈ మూడింటిలో ఒకటి తీసేసి జాగ్రఫీ ఇచ్చే కాలేజీ దొరికితే అది ఇంకా మేలు, ఎందుకంటే మ్యాపు చదవడం వచ్చినవాళ్లు బీఏ చేసినవాళ్లలో చాలా తక్కువ. మీ ఊళ్లోనే బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ ఉంది, నల్గొండ వైపువాళ్లు ఇదే అడిగితే ఎన్జీ కాలేజీ చూడమంటాను. హైదరాబాద్‌లో ఉంచగలిగితే నిజాం కాలేజీ. ఏ కాలేజీలో ఈ ఏడాది ఏ కాంబినేషన్ ఉందో దోస్త్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి, పక్కింటి వాళ్ల అబ్బాయి మూడేళ్ల కిందట చదివిన గ్రూపు ఇప్పుడు ఉండకపోవచ్చు. దోస్త్‌కు ఎంట్రన్స్ ఏమీ లేదు, ఇంటర్ పాసై ఉండాలి, సీటు ఇంటర్ మార్కుల మీద, రిజర్వేషన్ మీద వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ నమ్ముకుని ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తే, ఆ డబ్బులు లేటైనప్పుడు సర్టిఫికెట్ల దగ్గర పేచీ వస్తుంది, అది మీకూ తెలిసే ఉంటుంది. ప్రభుత్వ కాలేజీలో ఆ బాధ తక్కువ. అందుకే నేను ముందు అటే చూపిస్తాను.

దీనికంటే ఒక మెట్టు పైన సెంట్రల్ యూనివర్సిటీలు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల్లో. దానికి సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ రాయాలి. మన పిల్లలు ఇక్కడే దెబ్బ తింటున్నారు: ఇంటర్ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటారు, అప్పటికి సీయూఈటీ అప్లికేషన్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంటర్ పరీక్షల హడావిడి ఉండగానే ఆ ఫారం నింపాలి. పరీక్ష 13 భాషల్లో పెడతారు, అందులో తెలుగూ ఉంది, కాబట్టి తెలుగు మీడియం అని భయం అక్కర్లేదు. కానీ సీటొచ్చాక పాఠాలు మాత్రం ఇంగ్లిష్‌లోనే, దానికి ఇప్పటి నుంచే రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటు చేయించండి. సీఈసీ కాబట్టి పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ పేపర్లు తనకు చేతిలో ఉన్నవే. ఎంచుకునే సబ్జెక్టులు ఆ కోర్సు అడిగినవే అయ్యుండాలి. ఫారంలో ఒక్క సబ్జెక్టు తప్పు టిక్ పెడితే మార్కులు బోలెడొచ్చినా సీటు రాదు.

మీ అమ్మాయి 'అర్బన్' అంటున్నది అసలు టౌన్ ప్లానింగ్ గురించా అని ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మ్యాపులు గీయడం, మాస్టర్ ప్లాన్ తయారు చేయడం తన మనసులో ఉంటే అది బీ.ప్లానింగ్, నాలుగేళ్ల వేరే డిగ్రీ. విజయవాడ, భోపాల్, ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో ఉంది, జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండి తీరాలి. సీఈసీలో మ్యాథ్స్ లేదు, కాబట్టి ఆ దారి ఇప్పటికి మూసుకున్నట్టే. ఇది చదివే టెన్త్ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: ఈ లైను మీద ఏ కాస్త ఇష్టం ఉన్నా సీఈసీ బదులు ఎంఈసీ తీసుకోండి, రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. మీ అమ్మాయికి మాత్రం వెనక దారి ఒకటుంది. బీఏ తర్వాత ఎంఏ జాగ్రఫీ గానీ ఎకనామిక్స్ గానీ సోషియాలజీ గానీ చేసినవాళ్లను ఎం.ప్లానింగ్‌లోకి తీసుకునే సంస్థలు దేశంలో ఉన్నాయి. దూరమే, కానీ దారే.

డిగ్రీ కాగితంతో పాటు ఇంకో మూడు పనులు చేయకపోతే ఈ బీఏ ఉత్త బీఏగా మిగిలిపోతుంది, అది కూడా చెప్పాలి. ఒకటి లెక్కలు. మ్యాథ్స్ లేదని సీఈసీ పిల్లలు స్టాటిస్టిక్స్ పేరెత్తితే పారిపోతారు, పట్టణాల చదువంతా దాని మీదే నడుస్తుంది. ఎక్సెల్ బాగా నేర్చుకోవాలి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు మీద లెక్కలు పెట్టడం నేర్చుకోవాలి. రెండోది చట్టం. మున్సిపాలిటీల గురించిన 74వ రాజ్యాంగ సవరణ, మున్సిపాలిటీలకు అప్పగించదగ్గవని 12వ షెడ్యూల్‌లో రాసిన 18 పనులు, 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, ఈ మూడూ సెకండియర్‌కు వచ్చేసరికి నోటికి రావాలి. మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సొంత ఊరును చదవడం.

ఇది కొంచెం వివరంగా చెప్తాను. 2011 జనగణనలో ఒక ఊరిని పట్టణం అనాలంటే, అది మున్సిపాలిటీ కాకపోయినా సరే, మూడు లెక్కలు చూశారు: జనాభా కనీసం 5,000, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో. అంటే జనగణనలో పట్టణం అనిపించుకున్న ఊరు కాగితాల మీద ఇంకా గ్రామ పంచాయతీగానే ఉండొచ్చు, అక్కడ పంచాయతీ పన్నులే, పంచాయతీ డ్రైనేజీయే, కానీ జనం మాత్రం పట్టణం జనం. షాద్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్ దాకా హైవే పక్క ఊళ్లను తీసుకుని ఏది దేని కిందికి వస్తుందో మీ అమ్మాయి ఒక పట్టిక వేస్తే, అదే డిగ్రీ మొదటి ఏడాదికి మంచి ప్రాజెక్టు. ఇంకోటి: పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి అర్జీ పెట్టి, ఇంటి పన్ను డిమాండ్ ఎంత, వసూలైంది ఎంత, చెత్త బండ్లకు పెట్టింది ఎంత అని వార్డు వారీగా అడగమనండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పైన చెప్పిన 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో పదిశాతం మొక్కలకు పెట్టాలి, అది నిజంగా ఎక్కడ నాటారో అడగొచ్చు. వచ్చిన కాగితాలు పట్టుకుని వార్డు తిరిగిన పిల్లకు, గైడు బట్టీ పట్టిన పిల్లకు ఇంటర్వ్యూలో తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

నౌకరి సంగతి దాచకుండా చెప్తా. బీఏ అయిన వెంటనే పెద్ద జీతం ఆశించొద్దు. ప్రభుత్వం వైపు గ్రూప్-2లో మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టులు ఉంటాయి, ఏ డిగ్రీ అయినా రాయొచ్చు, 2022 గ్రూప్-4లో వార్డు ఆఫీసర్ పోస్టులూ వేశారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు, కాబట్టి దాని మీదే కూర్చోవద్దు. టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ లాంటి పోస్టులకు సివిల్ డిప్లొమా లాంటి టెక్నికల్ చదువు అడుగుతారు, బీఏ పనికిరాదు, ఇది ముందే తెలిసుండాలి. ప్రైవేటులో స్వచ్ఛంద సంస్థలు, సర్వే చేసే సంస్థలు, మున్సిపాలిటీలకు రిపోర్టులు రాసిచ్చే కన్సల్టెన్సీలు తీసుకుంటాయి, కానీ మంచి పోస్టులకు పీజీ అడుగుతారు. ఓయూ, పాలమూరు యూనివర్సిటీ లాంటి చోట్ల పీజీకి సీపీజీఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి, ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అర్బన్ పాలసీ అండ్ గవర్నెన్స్ అని పీజీయే ఉంది. ఐదేళ్ల లెక్క వేసుకోండి, మూడేళ్ల లెక్క వేసుకుంటే మధ్యలో మనసు చెడుతుంది. అమెరికా పీజీకి కొన్ని యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల బీఏతో పదిహేనే అవుతాయి, ఆ ఆలోచన ఉంటే నాలుగేళ్ల ఆనర్స్ గానీ ఇక్కడ ఎంఏ గానీ దృష్టిలో పెట్టుకోవాలి.

బీకాం కంప్యూటర్స్ చెడ్డ కోర్సు అని నేననను. అకౌంట్స్ మీద ఇష్టం ఉన్న పిల్లకు అది బాగానే కూడు పెడుతుంది. ఇష్టం లేని పిల్లను అందులో వేసి, మూడేళ్లయ్యాక మళ్లీ గ్రూప్స్ కోచింగ్‌కు పాలిటీ, ఎకానమీ మొదటి నుంచి చదివించడం మాత్రం నేను చాలామంది ఇళ్లలో చూస్తున్నాను. ఆ ఖర్చు కూడా మీరే పెట్టాలి.

ఇప్పుడు చేయాల్సింది కాగితాల పని. టెన్త్ మెమోలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూడండి, లేకపోతే సీయూఈటీ ఫారం దగ్గర ఇబ్బంది రావొచ్చు. దోస్త్‌కు ఓటీపీ వచ్చేలా ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకు చేయించండి, ఆ సిమ్ము అమ్మాయి దగ్గరో మీ దగ్గరో ఉండాలి, దుబాయ్‌లో ఉన్న బాబాయ్ నంబర్ పెట్టి ఓటీపీ కోసం రాత్రిళ్లు మేలుకోవద్దు. మీసేవలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించండి, జూన్‌లో అందరూ ఒకేసారి వస్తారు.