నార్వేలోని ట్రోమ్సోలో డాగ్ స్లెడ్డింగ్‌కి, అంటే కుక్కలు లాగే మంచుబండి సవారీకి వెళ్తున్నాం. ఫోటోలు బాగా రావాలంటే ఏ లెన్స్ పట్టుకెళ్లాలి?

లెన్స్ సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు స్లెడ్ మీద నుంచి ఫోటోలు తీయాలన్న ఆలోచన మానుకోండి. అక్కడి నుంచి ఎవరు తీసినా వచ్చేది ఒకటే ఫోటో: వరసగా తోకలు, వాటి కింద పిరుదులు, పైన కాస్త ఆకాశం. నెట్ నిండా అవే. పైగా కుక్కలు పరుగు ఆపకుండానే ఆ పని కూడా కానిచ్చేస్తాయి, ముందు కూర్చున్నవాళ్లకి ఆ వాసన బోనస్.

తోలేది మీరైతే కెమెరా మాటే ఎత్తకూడదు. బయల్దేరే ముందు గైడ్ ఎన్ని చెప్పినా అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటే: ఏమైనా సరే హ్యాండిల్ వదలొద్దు, పడిపోయినా వదలొద్దు. మీరు పడిపోయారని కుక్కలేమీ జాలిపడి ఆగవు, ఖాళీ బండిని లాక్కుని వెళ్లిపోతాయి.

మా బావకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. నేను ముందు కూర్చున్నాను, ఆయన వెనక నిలబడి ఒక చేత్తో తోలుతూ ఇంకో చేత్తో వీడియో. "బావా, ఫోన్ లోపల పెట్టు" అంటే "ఉండవయ్యా, ఈ ఒక్క మలుపూ అయిపోనీ" అంటాడు. నాకేమో ముందు కూర్చుని టెన్షన్. చివరికి చలే నన్ను కాపాడింది. సగం ఛార్జింగ్ ఉండగానే ఫోన్ టప్పున ఆరిపోయింది.

ఫోటోలు ఎక్కడున్నాయంటే, బయల్దేరే ముందు యార్డ్‌లో ఉన్నాయి. కుక్కని బండికి కట్టే పట్టీ, హార్నెస్, చేతిలో పట్టుకుని ఎవరైనా కనిపిస్తే చాలు, కుక్కలన్నీ ఒకేసారి అరుపులు లంకించుకుంటాయి. కట్టినవి ఆగలేక నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి ఎగురుతాయి, తాళ్లు కొరుకుతాయి, పక్కదాని మీద పడతాయి. మంచులో దిగ్గొట్టిన యాంకర్ ఒక్కటే బండిని ఆపుతూ ఉంటుంది. కుక్కల్ని బలవంతంగా పరిగెత్తిస్తారు, పాపం అని కామెంట్లు పెట్టేవాళ్లు ఆ యార్డ్‌లో ఐదు నిమిషాలు నిలబడితే చాలు. అక్కడ బలవంతం చేయాల్సింది ఆపడానికే.

ఇక పరిగెత్తే ఫోటో కావాలంటే నేలమీదకి దిగాలి. మార్చిలో వెళ్లినప్పుడు నేను గైడ్‌ని బతిమాలాను. తర్వాతి బ్యాచ్ బయల్దేరే ముందు, యార్డ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక మలుపు దగ్గర ఉండనిచ్చాడు. షరతులు పెట్టాడు: దారికి దూరంగా ఉండాలి, కదలకూడదు, కుక్కల్ని ముద్దు చేస్తూ పిలవకూడదు. పిలిస్తే ముందున్నది మీ వైపు తిరుగుతుంది, వెనకవన్నీ దాని మీదకి వచ్చి తాళ్లు చిక్కుపడిపోతాయి.

బర్చ్ చెట్టు పక్కన మంచులో బోర్లా పడుకున్నాను. యార్డ్‌లో అంత గోల చేసిన కుక్కలు పరుగు మొదలెట్టాక నోరెత్తవు కాబట్టి ముందు వినిపించింది వగర్పు. తర్వాత రెండు తలలు మలుపు తిరిగాయి. ఒకటి బూడిద రంగుది, మీసాల మీద మంచు పేరుకుని ఉంది. ఇంకోటి గోధుమ రంగుది. బూడిద రంగుది అడుగు తప్పకుండానే మూతి పక్కకి వంచి, గట్టు మీది మంచుని నోటినిండా గుంజుకుంది. ఆ పొడి లేచి పక్కదాని మొహాన పడింది. అది ఒక కన్ను మూసి, రెండో కన్నుతో దారి చూస్తూ పరిగెత్తింది. తాడు మాత్రం ఎక్కడా సడలలేదు. ఆ ఫ్రేమ్ నాకు దొరికింది. షట్టర్ స్పీడ్ సెకనులో 1/1600 వంతు, కంటి మీద ఫోకస్.

మనకి మైనస్ 15 అంటే వణుకు, వాటికి అది హాయి. వేడి దించుకోవడానికీ దాహానికీ పరిగెత్తుతూనే అలా మంచు తింటాయి. దీని కోసమే కాచుకుని ఉండండి, నాలుక బయటపెట్టిన ఫోటో ఎవడైనా తీస్తాడు.

నీలికళ్ల కుక్కలు కావాలని వెళ్లేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా బ్యాచ్‌లో ఒకావిడ "ఇవి హస్కీలేంటి, వీధికుక్కల్లా ఉన్నాయి" అని మొహం మాడ్చుకుంది. ఈ కుక్కల్ని పెంచే కెన్నెళ్లలో చాలావాటిలో ఉండేవి అలాస్కన్ హస్కీలు. అందానికి కాదు, పరుగుకీ ఓపికకీ తరతరాలుగా కలిపి పెంచినవి. సన్నగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో రంగు. ఫోటోకి ఆ తేడాలే బాగుంటాయి.

డిసెంబర్‌లో టికెట్లు కొనేశారా? అయితే కష్టమే. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా ట్రోమ్సోలో సూర్యుడు పైకి రాడు. మధ్యాహ్నం కాసేపు ఉండే నీలి వెలుగు అందంగానే ఉంటుంది కానీ, పరిగెత్తే కుక్కకి 1/1000 పెట్టాలంటే ఐఎస్‌ఓ, అంటే వెలుగుకి కెమెరా సున్నితత్వం, ఎక్కడికో పోయి ఫోటో గరుకుగా వస్తుంది. అప్పుడు షట్టర్ 1/30కి దించి, కుక్కతోపాటు కెమెరా తిప్పుతూ తీయండి. చాలావరకు పాడైపోతాయి, ఒకటో రెండో బతుకుతాయి.

మార్చికి మార్చుకోగలిగితే ఉత్తర నార్వేలోనే ఉన్న ఆల్టా ఊరికి కూడా వెళ్లండి. 1981 నుంచి జరుగుతున్న ఫిన్‌మార్క్స్‌లోపెట్ అనే కుక్కబండ్ల రేసు అక్కడ ఊరి మధ్యలోనే మొదలవుతుంది. పొడవైన విభాగం 1,000 కిలోమీటర్లు దాటుతుంది. టూరిస్ట్ బండ్ల కంటే అక్కడ దొరికే మొహాలు వేరు, కుక్కలవీ మనుషులవీ.

మంచు తెల్లగా రావాలంటే ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాప్ పెంచండి, లేకపోతే కెమెరా దాన్ని బూడిద చేసేస్తుంది. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. వెచ్చటి గదిలోకి వెళ్లే ముందు, బయటే కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. లోపల కెమెరా వెచ్చబడేదాకా తెరవకండి, తెరిస్తే లెన్స్ అంతా చెమ్మ.

లెన్స్ అడిగారు కదా. మలుపు దగ్గరికి దూరాన్ని దగ్గరగా చూపే 70-200 ఎంఎం జూమ్, యార్డ్‌లో దగ్గరివాటికి 24-70, అదీ లేకపోతే ఫోన్ చాలు. బయట లెన్స్ మార్చకండి. 70-200 లేకపోతే అద్దెకి తీసుకోకండి, ఆ డబ్బుతో మంచి గ్లవ్స్ కొనండి: లోపల బటన్లు నొక్కడానికి పల్చటివి, పైన మందపాటి మిటెన్లు. సూట్లూ బూట్లూ చాలాచోట్ల వాళ్లే ఇస్తారు కానీ, వాళ్లిచ్చే గ్లవ్స్‌తో షట్టర్ నొక్కడం జరిగే పని కాదు.