విశాఖలో 35 డిగ్రీలకే ఎందుకంత ఉక్క?

హైదరాబాద్‌లో 41 డిగ్రీల్లో హాయిగా పనిచేసిన కూలర్ విశాఖకు వచ్చాక 35కే చేతులెత్తేసిందని, రిపేరు చేయించాలా, విజయవాడకు మారిపోవాలా అని ఒకరు అడిగారు. కూలర్ పాడవలేదండీ, రిపేరుకు డబ్బులు పెట్టకండి.

గాలిలో తేమ శాతం ఒక్కటే చూస్తే అయోమయం. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ చూపిస్తుంది. వెదర్ యాప్‌లో డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. అది ఎంత ఎక్కువుంటే అంత ఉక్క. 41 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది 14 దగ్గర ఉంటుంది, చెమట పట్టగానే ఆరిపోతుంది. అదే 35 డిగ్రీలు, 65 శాతం తేమ అయితే 27 దాటుతుంది. 24 దాటితే చాలు ఒళ్లు జిడ్డుగా ఉంటుంది, ఇక 27 అంటే చొక్కా ఒంటికి అతుక్కోవాల్సిందే.

చెమటలాగే కూలర్ కూడా నీటిని ఆవిరి చేసే చల్లబరుస్తుంది. మొదటి లెక్కలో గాలిని మహా అయితే 23 డిగ్రీల దాకా దించగలదు. రెండో దాంట్లో ఎంత మంచిదైనా 29 కంటే కిందికి పోదు, పైగా గదిలో తేమ పెంచుతుంది. అందుకే నీళ్లు పోయకుండా ఫ్యాన్‌లా వాడండి, ఎదురుగా కిటికీ తీసి ఉంచండి. కుదిరితే ఏసీ కొనుక్కోండి. 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేస్తే చాలు. మబ్బు పట్టిన రోజు ఏసీలో తేమ తగ్గించే డ్రై మోడ్ సరిపోతుంది.

విజయవాడకు మారదామన్న ఆలోచన మాత్రం మానుకోండి, అక్కడ మే నెలలో ఎండా ఉక్కా రెండూ ఉంటాయి.