మ్యాగ్నెపాన్ ప్యానెళ్లకు సబ్‌వూఫర్, అదనపు డ్రైవర్లు: ముందు ఏది?

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో పాత మ్యాగ్నెపాన్ ఎంఎంజీ (పల్చటి ప్యానెల్ స్పీకర్ల) జత ఉంది, బేస్ చాలడం లేదు. పక్కన ఊఫర్లు (బేస్ డ్రైవర్లు) బిగించాలా, పైన ట్వీటర్ (పైస్వరాల డ్రైవర్) పెట్టాలా, సబ్‌వూఫర్ (బాగా కింది బేస్‌కే ఉన్న స్పీకర్) కొనాలా?

సబ్‌వూఫరే కొనండి. కానీ దాన్ని ఊరికే తెచ్చి కలిపేస్తే సగం లాభమే. అసలు లాభం ప్యానెల్‌కు బేస్ వెళ్లకుండా ఆపడంలో ఉంది.

ఈ స్పీకర్లకు పెట్టె ఉండదు. పల్చటి ఫిల్మ్ మీద అంటించిన తీగలు, వాటి వెనక అయస్కాంతాలు, అంతే. ఫిల్మ్ ముందుకూ వెనక్కూ ఒకేలా మోగుతుంది, కాకపోతే ఆ రెండు శబ్దాలూ ఒకదానికొకటి వ్యతిరేకం. కింది స్వరాల్లో అవి అంచులు చుట్టి వచ్చి కలిసి రద్దయిపోతాయి. అందుకే 50 హెర్ట్జ్ దాటి కిందికి పెద్దగా ఏమీ మిగలదు. వాల్యూమ్ పెంచితే ఫిల్మ్ ఊగడమే తప్ప బేస్ రాదు. మా ఇంట్లోనూ ఇదే మోడల్. మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా ప్యానెల్ చటచటమనేది, పాడేవాళ్ల గొంతు కూడా దాంతోపాటే వణికేది.

నేను చేసింది చవక పని. పవర్ ఆంప్ ఇన్‌పుట్‌లో చానెల్‌కు ఒక్కో 0.047 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టాను. ఆంప్ ఇన్‌పుట్ నిరోధం 47 కిలో ఓమ్‌లు కాబట్టి 72 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి ఆక్టేవ్‌కు 6 డెసిబెళ్ల చొప్పున కోత పడుతుంది. సబ్‌కు సిగ్నల్ మాత్రం ఆ కెపాసిటర్‌కు ముందే తీసుకోవాలి, లేదంటే దాని బేస్ కూడా తెగిపోతుంది. ఆ రోజు నుంచి చటచట పోయింది, గొంతు విడిగా నిలబడింది. మినీడీఎస్పీ లాంటి డిజిటల్ ఫిల్టర్ పెట్టె ఉంటే ఇదే పనిని 80 హెర్ట్జ్ దగ్గర ఇంకా నిటారు కోతతో చేయొచ్చు.

సబ్‌వూఫర్ పెద్దది ఒకటి కాకుండా సీల్డ్ (గాలి రంధ్రం లేని) పెట్టెలో చిన్నవి రెండు తీసుకోండి. 12 అడుగుల హాలు 47 హెర్ట్జ్ దగ్గర తానే మోగుతుంది. 12 అడుగుల ఎడంలో ఉన్న ఎదురెదురు గోడలకు, ఒక్కోదాని నడుమ ఒక్కో సబ్ పెడితే ఆ మోత చాలావరకు అణిగిపోతుంది. ప్యానెల్ వేగంతో పోటీపడే సబ్ దొరకదని అంటుంటారు. నా అనుభవంలో ఆ నత్తనడకకు కారణం ఎక్కువగా గది మోతే. అయితే స్లాబ్ గుండా బేస్ దిగుతుంది, కింది ఫ్లాట్‌వాళ్లతో మంచిగా ఉండాలంటే రాత్రి తొమ్మిది తర్వాత సబ్ తగ్గించాల్సిందే. పెట్టెలు మీరే చేయిస్తే ఎండీఎఫ్ వద్దు, మన సముద్రపు తేమకు ఉబ్బుతుంది. మెరైన్ ప్లైవుడ్ అడగండి.

కలిపే పద్ధతి: క్రాసోవర్ (ప్యానెల్ నుంచి సబ్ అందుకునే చోటు) దగ్గర స్వరాన్ని, అంటే సుమారు 80 హెర్ట్జ్‌ను, ఫోన్‌ను ఆంప్‌కు కలిపి స్పీకర్లలో మోగిస్తూ సబ్ ఫేజ్‌ను తిప్పి (శబ్దాన్ని తలకిందులు చేసి) పెట్టండి. మీరు కూర్చునే చోట శబ్దం బాగా పడిపోయే దాకా ఫేజ్ నాబ్‌నో, డిలేనో సరిచేసి, తర్వాత ఫేజ్‌ను మళ్లీ మామూలుకు తేవాలి. వినిపించకపోవడాన్ని పట్టుకోవడం చెవికి తేలిక.

ఇక పక్కన ఊఫర్లు. 4 ఓమ్‌ల ప్యానెల్‌కు 8 ఓమ్‌ల డ్రైవర్‌ను నేరుగా ప్యారలల్‌గా కలిపితే లోడ్ 2.7 ఓమ్‌ల దగ్గరికి దిగుతుంది, ఆంప్ కాలిపోతుందేమోనని టెన్షన్. పైగా పెట్టెలోని డ్రైవర్ శబ్దం, పొడవాటి ప్యానెల్ శబ్దం దూరం పెరిగేకొద్దీ ఒకేలా తగ్గవు. కుర్చీలో సరిపోయింది వంటింటి గుమ్మం దగ్గర సరిపోదు. తప్పదనుకుంటే పెట్టె లేకుండా ఓపెన్ బ్యాఫిల్ (వెనక మూయని పలక) మీద 12 అంగుళాల ఊఫర్లు, వాటికి వేరే ఆంప్. అది ముదిరిన సరదా, సబ్‌ల తర్వాత ఆలోచించండి.

ట్వీటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాత ప్యానెల్ పైస్వరాలు మందగిస్తే ముందు ఫ్యూజు, దాని హోల్డరు చూడండి. మన ఊళ్లో అక్కడ పచ్చగా తుప్పు పడుతుంది. తక్కువ వాల్యూమ్‌లో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా స్వీప్ (స్వరం మెల్లగా పెరిగే టెస్ట్ శబ్దం) నడిపి, ఎక్కడైనా జుయ్యిమంటే గుడ్డ విప్పి తీగ లేచిందేమో చూసి అంటించాలి. ఆ రిపేరు కాకుండా ఏది కొన్నా దండగే.

మీ ఆంప్ మోడల్ చెప్పండి, కెపాసిటర్ విలువ లెక్కేసి పెడతాను.