కాళ్లు గుంజుకుంటున్నాయి, నడుస్తాడా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. సెంట్రింగ్ పని చేస్తూ రెండో అంతస్తు నుంచి పడ్డాడు. డి10 దగ్గర, అంటే ఛాతీ వెనక భాగంలోని పదో వెన్నుపూస దగ్గర, వెన్నుపాము దెబ్బతిందన్నారు. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. నాలుగు నెలలైంది. ఈమధ్య రాత్రిళ్లు కాళ్లు వాటంతటవే గుంజుకుంటున్నాయి. నరాలు లేస్తున్నాయని అమ్మ సంబరపడుతోంది. నిజమేనా మేడమ్?
– ఓ అక్క, మూసాపేట, హైదరాబాద్

జవాబు: మా వార్డులో ప్రతి తల్లీ ఈ మాట అడుగుతుందమ్మా. ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నా, జవాబు చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ గుంజుకోవడం ఒక్కటే చూసి నడుస్తాడని చెప్పలేం.

వేడి పెనం తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది కదా. మెదడు చెప్పేదాకా ఆగకుండా వెన్నుపామే చేయించే పని అది. మీ తమ్ముడికి దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము బతికే ఉంది. పైనుంచి అదుపు లేక, దుప్పటి తగిలినా కాళ్లను గుంజేస్తుంది. దీన్ని స్పాజం అంటాం. మొదట్లో మెత్తగా వేలాడిన కాళ్లు కొన్ని వారాలకు ఇలా బిగుసుకోవడం మామూలే.

కాళ్లను ముట్టుకోకుండా, బొటనవేలు కదపమని అడిగి చూడండి. అడిగిన ప్రతిసారీ కదిలితే అది మెదడు పంపిన కబురే. వెంటనే డాక్టర్‌కి చూపించండి.

స్పాజం ఉన్నట్టుండి ఎక్కువైనా చూపించాలి. యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో పుండు, ఏదైనా కావచ్చు. నొప్పి తెలియని ఒళ్లు అలాగే చెబుతుంది.

నాకు అన్నిటికంటే పుండంటేనే భయం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, రాత్రి కూడా. రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుం కింద, పిరుదులు, మడమలు చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు అలాగే ఉంటే లోపల చర్మం దెబ్బతింటున్నట్టే. ఆ చోట మళ్లీ బరువు పడనివ్వకండి, రుద్దకండి. ఒకావిడ చలికాలంలో కొడుకు కాళ్లు చల్లగా ఉన్నాయని దుప్పట్లో వేడినీళ్ల సీసా పెట్టింది. అతనికి తెలియలేదు. పొద్దున దుప్పటి తీస్తే రెండు మడమలూ బొబ్బలు. మానడానికి మూడు నెలలు పట్టింది.

డి10 దెబ్బకు చేతుల బలం పోదు. ఒక చేతి అద్దం కొని తమ్ముడికే ఇవ్వండి. వీపు వైపు ఎలా చూసుకోవాలో పక్కన కూర్చుని నేర్పండి.